నగరి రంగు నీళ్ళు, మిద్దె మీది నాచు: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి చివరి వారం

నగరిలోని ఒక అద్దకం యూనిట్ నుంచి వాడేసిన రంగు నీళ్ళు వచ్చాయి. వీటిని బ్యాక్టీరియాతో, నాచుతో శుద్ధి చేయగలమా అని చూడటమే మా ప్రాజెక్టు. ఇరవై లీటర్ల క్యాన్లలో, నలుపుకు దగ్గరగా ఉన్న ముదురు నీలం. మూత తీస్తే పులిసిన గంజి వాసన. పీహెచ్ 10.6. టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పులు, లవణాల మొత్తం) మీటరు తన పరిధి దాటిందని చేతులెత్తేసింది, పది రెట్లు పలచన చేశాక గానీ అంకె చూపలేదు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. నూలుకు రియాక్టివ్ రంగు (నూలుతో రసాయనికంగా ముడిపడే రకం) పట్టాలంటే తొట్టిలో బోలెడంత ఉప్పు పోయాలి, ఆపైన సోడా వేసి పీహెచ్ పెంచాలి. ఇంత చేసినా రంగు మొత్తం నూలుకు పట్టదు. కొంత భాగం నూలుతో కలవడానికి బదులు నీటితోనే కలిసిపోతుంది. అలా కలిసిపోయిన రంగు మళ్ళీ ఏ నూలుకూ అంటుకోదు. దాని దారి కాలువే.

నగరి, పుత్తూరు, ఏకాంబరకుప్పం వైపు మరమగ్గాల చప్పుడు వినబడే వీధులన్నింటికీ ఈ కాలువలతో ఏదో ఒక సంబంధం ఉంది. కాలువలు కుశస్థలి వైపు, కుశస్థలి తమిళనాడు వైపు. అక్కడ పూండి జలాశయం, దాని వెనక చెన్నై తాగునీరు. అద్దకం యూనిట్ నడిపే మా బాబాయికి (వరసకు బాబాయి, అమ్మ తరఫు బంధువు) ఇదంతా నేను చెప్పనక్కర్లేదు. క్యాన్లు నింపిస్తూ ఆయన అన్నది ఒకటే మాట: "రంగు పోగొట్టు చాలమ్మా. ఊళ్ళో అందరికీ కనబడేది రంగే కదా."

ఈ మాటను డైరీ మొదటి పేజీలో రాసిపెట్టుకున్నాను, ఒప్పుకొని కాదు. రంగు పోవడం, నీళ్ళు బాగుపడటం ఒకటేనా కాదా అన్నదే నేను తేల్చుకోవాల్సిన ప్రశ్న.

క్యాన్లతో పాటు యూనిట్ వెనక కాలువ అడుగునున్న నల్ల బురద కూడా ఒక డబ్బాలో తెచ్చుకున్నాను. బ్యాక్టీరియాను డబ్బు పెట్టి కొనే ఉద్దేశం లేదు. ఏళ్ళ తరబడి ఆ రంగులోనే బతుకుతున్న జీవులకంటే ఈ పనికి తగినవి ఏ సీసాలోనూ దొరకవు.

మార్చి

బురదను సీసాల్లో వేసి, రంగు నీళ్ళు పోసి, పీహెచ్ ఎనిమిదికి దించి, నిండుగా మూత బిగించి చీకట్లో పెట్టాం. ప్రాజెక్టులో ఇద్దరు విద్యార్థినులు నాతో ఉన్నారు. కాలేజీ ప్రయోగశాలలో సాయంత్రాలు, మిగతా పని తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద.

మొదటి వరస సీసాల్లో పెద్దగా కదలిక లేదు. ఎదురుచూసినట్టే జరిగింది. ఈ బ్యాక్టీరియాకు రంగు తిండి కాదు. అవి వేరే ఏదైనా తిని, దాని నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను ఎక్కడో ఒకచోట దించుకోవాలి. ఆక్సిజన్ ఉంటే దానికే ఇస్తాయి. ఆక్సిజన్ లేనప్పుడు మాత్రమే అజో రంగు అణువు మధ్యనున్న రెండు నైట్రోజన్ల బంధం మీద దించుతాయి, ఆ బంధం తెగుతుంది, రంగు పోతుంది. అంటే రెండు షరతులు: గాలి ఉండకూడదు, తిండి ఉండాలి.

తిండికి బెల్లం. చిత్తూరు ప్రాంతంలో ఉంటూ గ్లూకోజ్ డబ్బాలు కొనడం నాకు నచ్చలేదు. చవకైన నల్లబెల్లం అడుగుదామని బజారుకు వెళితే, అంగడి ఆయన నన్నూ, నా వెనకున్న అమ్మాయినీ ఎగాదిగా చూసి, "అది మేము అమ్మం" అన్నాడు. నాటుసారాకు వాడతారని నల్లబెల్లం మీద ఆంక్షలున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మామూలు బెల్లమే తెచ్చుకున్నాం.

బెల్లం వేసిన సీసాలు రెండో రోజుకే మారడం మొదలైంది. ముందు నీలం, తర్వాత బూడిదరంగు ఊదా, తర్వాత లేత గోధుమ, చివరికి దాదాపు నీళ్ళు. నీరు ఏ వెలుతురును ఎంత పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 597 నానోమీటర్ల దగ్గరున్న శిఖరం చదునైపోయింది. రియాక్టివ్ బ్లాక్ 5 అనే నలుపు రంగు గుర్తు అది. పక్కనే ఉడకబెట్టిన బురద వేసిన సీసా మాత్రం నీలంగానే ఉండిపోయింది, కాస్త పలచబడిందంతే. బురద రేణువులకు రంగు అంటుకోవడం వల్ల వచ్చే తగ్గుదల అంతేనన్నమాట. మిగతాది బతికున్న జీవుల పని.

అమ్మాయిలు సీసాలతో ఫొటోలు దిగారు. బాబాయికి కూడా పంపించారు.

మార్చి చివర

ఫొటోలు తొందరపడ్డాయి. తేటపడిన నీటిని వెడల్పు ట్రేలో పోసి మిద్దె మీద పెట్టాం. మర్నాటి పొద్దునకి అది చిక్కటి డికాక్షన్ రంగులో ఉంది.

దీని గురించి చదివాను గానీ కంటితో చూడటం వేరు. అజో బంధం తెగినప్పుడు అణువు మాయం కాదు, రెండు మూడు ముక్కలవుతుంది. ఆ ముక్కలే అరోమాటిక్ అమైన్లు. వాటికి రంగు లేదు కాబట్టి కంటికి కనబడవు. కొన్నింటికి గాలి తగిలితే వాటంతటవే ఆక్సీకరణ చెంది, ఒకదానికొకటి అతుక్కుని గోధుమ రంగు తేలతాయి. రియాక్టివ్ బ్లాక్ 5 నడిమి ముక్క ఇందులో పేరుమోసినది. నీలం పోయిందనుకున్న చోట అతినీలలోహిత భాగంలో కొత్త గుట్ట లేచింది. చూడాల్సింది అక్కడ.

అమైన్లలో కొన్ని క్యాన్సర్ కారకాలు కావచ్చన్న కారణంతోనే మన దేశంలో 1990ల్లో బెంజిడీన్ ఆధారిత రంగులూ, మరికొన్ని అజో రంగులూ కలిపి 112 రంగులను నిషేధించారు. బాబాయి యూనిట్‌లో వాడేవి ఆ జాబితాలోవి కావు, డబ్బాల మీది పేర్లు చూసి వచ్చాను. అయినా తెగిన ముక్కలు అమైన్లే.

పెసలతో పరీక్ష పెట్టాం. తడి వడపోత కాగితం మీద పెసలు పరచి, ఒక్కో పళ్ళెంలో ఒక్కో నీరు. ఇక్కడ ఉప్పు అడ్డం వస్తుంది. అంత ఉప్పులో ఏ గింజా సరిగా మొలవదు. అందుకే అన్ని నమూనాలనూ ఒకే స్థాయికి పలచన చేసి, అంతే ఉప్పున్న శుభ్రమైన నీటిని పోలికకు పెట్టాం. ఉప్పునీటిలో వేళ్ళు బాగానే వచ్చాయి. ముడి రంగు నీటిలో పొట్టివి. బ్యాక్టీరియా తేటపరచిన నీటిలో ఇంకా పొట్టివి, కొసలు గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి.

తేట నీళ్ళు నీలం నీళ్ళకంటే హీనంగా ఉన్నాయి. ఈ ఒక్క పళ్ళెం ఫొటో ముందటి ఫొటోలన్నింటికంటే విలువైనది. దీన్ని కూడా బాబాయికి పంపాను. ఫోను చేసి, "అయితే నా నీలమే నయమా?" అని నవ్వారు.

ఏప్రిల్

ఇక నాచు వంతు. చంద్రగిరి దారిలో ఒక పశువుల తొట్టి నుంచి పచ్చటి నీళ్ళు తెచ్చాం. సూక్ష్మదర్శిని కింద గుండ్రటి క్లోరెల్లా, నాలుగేసి కణాలు పక్కపక్కన అతుక్కుని నిలబడ్డ సీనెడెస్మస్, అక్కడక్కడా మెల్లగా ఊగే ఆసిలటోరియా పోగులు. ఎరువుల అంగడి నుంచి తెచ్చిన 19:19:19 పొట్లం, కొంచెం వంటసోడా. వారంలో తొట్టి చిక్కబడింది.

నాచును నేరుగా ముడి రంగు నీటిలో వేసి కూడా చూశాం. చాలామంది చేసేది ఇదే. వేసిన మర్నాడే రంగు చెప్పుకోదగ్గంత తగ్గినట్టు కనబడింది. వడపోసి, గుడ్డ మీద మిగిలిన నాచును మిథనాల్‌లో నానబెడితే సంగతి బయటపడింది. ద్రావణంలోకి ఆకుపచ్చతో పాటు నీలం దిగింది. నాచు రంగును విరగ్గొట్టలేదు, ఒంటికి పూసుకుంది. ఆ నాచును తీసి ఎక్కడో పారేస్తే కాలుష్యాన్ని ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మోసినట్టే. పైగా అంత ముదురు నీటిలో రెండు అంగుళాల కిందికి వెలుతురు దిగదు. నాచు పాలిపోయి అడుగుకు చేరింది.

కాబట్టి వరస తేలిపోయింది. ముందు చీకటి డ్రమ్ములో, గాలి లేకుండా, బ్యాక్టీరియా రంగును తెంచాలి. నీరు తేటపడ్డాక ఎండలో తొట్టిలోకి దించాలి. అక్కడ నాచు వెలుతురుతో ఆక్సిజన్ చేస్తే, ఆ ఆక్సిజన్‌తో ఇంకో జాతి బ్యాక్టీరియా అమైన్లను తినాలి. అవి వదిలే కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ నాచుకు పనికొస్తుంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం కొత్త ఆలోచన కాదు. కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ 1950లలోనే మురుగునీటి మీద దీన్ని లెక్కగట్టి చూపించి, తక్కువ లోతులో తవ్విన, నీరు తిరుగుతూ ఉండే నాచు చెరువుల పద్ధతికి దారి వేశాడు. ఒక గ్రాము నాచు పెరిగితే దాదాపు ఒకటిన్నర గ్రాముల ఆక్సిజన్ నీటిలోకి వస్తుంది. మురుగును ఆ లెక్కన శుద్ధి చేయడం తేలికే, ఎందుకంటే బ్యాక్టీరియాకు మురుగంటే విందు. మా రంగు తెగగా వచ్చే, సల్ఫోనేట్ గుంపులు తగిలించుకున్న నాఫ్తలీన్ అమైన్లు విందు కావు. వాటిని తినగలిగే జీవులు నా బురదలో ఉన్నాయో లేదో ఇంకా చూడాలి.

మే

తిరుపతి ఎండ గురించి తిరుపతివాళ్ళకు చెప్పేదేముంది. తొట్టిలో నీరు మధ్యాహ్నానికి నలభై డిగ్రీలు దాటుతోంది. నాచు తెల్లబడింది. యాభై శాతం నీడనిచ్చే పచ్చ వల కట్టాం, తొట్లను గోనెపట్టా మీదికి మార్చాం. మిగిలిన నెల అంతా నాచును బతికించుకోవడంతోనే సరిపోయింది.

జూన్, జులై

ప్రాజెక్టులో ఇప్పటివరకు నాకు బాగా నచ్చిన భాగం ఇది.

తోతాపురి మామిడి కాలం. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీల కడుగునీరు పుల్లగా, చక్కెరతో నిండి ఉంటుంది. దాని బాధ దానిది: కాలువలో పడితే ఆక్సిజన్ అంతా తినేస్తుంది. మా అద్దకం నీటి బాధ దీనికి సరిగ్గా తలకిందులు: క్షారం ఎక్కువ, బ్యాక్టీరియాకు తిండి తక్కువ. తెలిసినవాళ్ళ ద్వారా ఒక డ్రమ్ము కడుగునీరు తెచ్చి కలిపాం. పీహెచ్ దించడానికి ఆమ్లం అక్కర్లేకపోయింది, బెల్లం అక్కర్లేకపోయింది. డ్రమ్ములో రంగు బెల్లంతో పోయినంత చురుగ్గానే పోయింది. రెండు పరిశ్రమల మురుగు ఒకదానికొకటి మందు కావడం నాకు భలే సంతోషమనిపించింది. మామిడి కాలం అయిపోతే ఏం చేస్తామన్నది వేరే సంగతి. మగ్గాల గంజి కడిగిన నీరు ఏడాది పొడవునా ఉంటుంది, అందులో పిండిపదార్థం ఉంది, తర్వాత దాన్ని చూడాలి.

తేటపడిన నీటిని ఎండ తొట్లలోకి దించాం. నాలుగు రకాలుగా పెట్టాం: నాచు ఒక్కటే, బ్యాక్టీరియా ఒక్కటే, బ్యాక్టీరియాతో పాటు చేపలతొట్టి గాలి పంపు, నాచూ బ్యాక్టీరియా రెండూ. అమ్మాయిలు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వంతులవారీగా ఆక్సిజన్ మీటరు ముంచుతూ కూర్చున్నారు. రెండూ ఉన్న తొట్టిలో తెల్లవారుజామున ఆక్సిజన్ దాదాపు సున్నా. తొమ్మిదింటికి లేస్తుంది. రెండు గంటల ప్రాంతంలో లీటరుకు 15 మిల్లీగ్రాములు దాటుతుంది. గాలి మాత్రమే కలిస్తే ఆ వేడిలో ఏడు కూడా ఉండదు. తొట్టి అంచుల్లో బుడగలు కనబడతాయి. పీహెచ్ కూడా దాంతో పాటే పైకి పోతుంది, నాచు కార్బన్ డయాక్సైడ్‌ను తినేస్తుంది కాబట్టి.

రాత్రి ఆక్సిజన్ పడిపోవడం చూసి, "రాత్రిళ్ళు పంపు వేద్దామా మేడమ్?" అని అడిగింది ఒక అమ్మాయి. వద్దన్నాను. డ్రమ్ములోంచి పూర్తిగా తెగని రంగు కొంత ఎప్పుడూ తప్పించుకుని వస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ లేని ఆ రాత్రి గంటల్లోనే తొట్టి అడుగు బ్యాక్టీరియా దాన్ని తెంచుతోంది, పగలు అమైన్ల పని జరుగుతోంది. సాయంత్రం కంటే తెల్లవారుజామున 597 దగ్గరి అంకె తక్కువగా ఉండటం దీనికి సాక్ష్యం. ఒకే తొట్టి సూర్యుడి లెక్కన రెండు షిఫ్టులు నడుస్తోంది. పంపు పెడితే రాత్రి షిఫ్టును మనమే ఆపినట్టు.

మరి అమైన్లు? అతినీలలోహిత భాగంలోని గుట్ట రెండూ ఉన్న తొట్టిలో వారంలోపే బాగా కుంగింది. పెసలు ఈసారి ఉప్పునీటి పోలికకు దగ్గరగా వేళ్ళు పెట్టాయి, కొసలు తెల్లగా. నాచు ఒక్కటే ఉన్న తొట్టిలో నీరు గోధుమగానే ఉండిపోయింది. అయితే ఒక మాట నిజాయితీగా రాసుకోవాలి: గాలి పంపు పెట్టిన బ్యాక్టీరియా తొట్టి కూడా ఇంచుమించు ఇంతే బాగా చేసింది. నాచు ఇక్కడ మంత్రమేమీ వేయలేదు. గాలి ఊదే యంత్రం (బ్లోయర్) చేసే పనిని కరెంటు బిల్లు లేకుండా చేసింది. అద్దకం యూనిట్లకు ఆ బిల్లే పెద్ద భారం కాబట్టి అది చిన్న విషయం కాదు. కానీ నాచు విషాన్ని మింగేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

సీఓడీ (నీటిలోని మలినాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్, లీటరుకు మిల్లీగ్రాముల్లో): డ్రమ్ములోకి పోయేటప్పుడు 1,400 ప్రాంతం, తొట్టి దాటాక 300కు కాస్త అటూ ఇటూ. బట్టల పరిశ్రమకు 2016లో పెట్టిన పరిమితి 250. ఇంకా పైనే ఉన్నాం. ఈ పరీక్షలో ఉప్పులోని క్లోరైడ్ అంకెను పెంచి చూపుతుంది, దాన్ని పట్టి ఉంచడానికి మెర్క్యురిక్ సల్ఫేట్ వేయాలి. మా నీటిలో ఉప్పు ఎంతుందో తెలుసు కదా. నీళ్ళు శుభ్రమయ్యాయా అని చూడటానికి పాదరసం, క్రోమియం కలిసిన వ్యర్థాన్ని మేమే తయారుచేస్తున్నాం. అది గాజు సీసాలో ముద్ర వేసి బీరువాలో ఉంది, సింకులోకి పోదు. అందుకే ఈ పరీక్ష వీలైనంత తక్కువగా చేస్తున్నాం, పెసలనే ఎక్కువగా నమ్ముకుంటున్నాం.

ఆగస్టు

పచ్చటి తొట్టి రెండు రోజుల్లో తేటగా మారింది. సూక్ష్మదర్శిని కింద రోటిఫర్లు (నీటిలో బతికే అతి చిన్న జంతువులు), తలమీద చక్రాలు తిప్పుకుంటూ, కడుపునిండా క్లోరెల్లా. చెరువుల్లో నాచు పెంచేవాళ్ళందరికీ తెలిసిన శత్రువులు ఇవి. ముద్దలు కట్టిన నాచును మాత్రం అవి తినలేవు.

ఆ మాటే మాకు దారి చూపింది. అప్పటి నుంచి ప్రతి రెండు మూడు రోజులకోసారి తొట్టిని కదపకుండా ఆపి, అరగంటలో అడుగుకు దిగినదాన్ని మాత్రమే ఉంచుకుని, పైన తేలేదాన్ని పారబోస్తున్నాం. బ్యాక్టీరియా స్రవించే జిగురులో నాచు కణాలు చిక్కుకుని ముద్దలవుతాయి. కొన్ని వారాలు ఇలా ఏరితే ముద్దకట్టేవే మిగులుతాయి. నెలాఖరుకు కొలజాడీలో పచ్చటి ముద్ద పావు వంతుకు దిగి, పైన లేత పసుపు నీరు నిలుస్తోంది. రోటిఫర్లు ఇంకా ఉన్నాయి, కానీ పస్తులుంటున్నాయి. వడపోత గుడ్డలు ఉతికే పని తప్పినందుకు అమ్మాయిలు వాటికే కృతజ్ఞతలు చెబుతున్నారు.

అక్టోబర్, నవంబర్

ఈశాన్య రుతుపవనాలు. వరసగా ముసురు పట్టిన రోజుల్లో ఆక్సిజన్ మధ్యాహ్నానికి కూడా నాలుగు దాటడం లేదు. అమైన్లు మిగిలిపోతున్నాయి, నీటిలో గోధుమ ఛాయ తిరిగొస్తోంది. వాన నీరు పడకుండా పారదర్శక పట్టా కప్పాం. కానీ వెలుతురును ఎక్కడి నుంచి తేగలం? రెండు దారులు ప్రయత్నించాం. నీటిని తొట్టిలో రెట్టింపు కాలం ఉంచడం పనిచేసింది. ముసురు రోజుల్లో మాత్రమే పంపు వేయడం కూడా పనిచేసింది. యూనిట్‌లో అయితే రెండోదే కుదురుతుంది. వాన పడిందని అద్దకం ఆగదు.

నవంబర్ చివర

బాబాయి తిరుపతి వచ్చారు, దర్శనం చేసుకుని నేరుగా మిద్దెకే ఎక్కారు. మూడు సీసాలు ముందు పెట్టాను: ముడి నీలం, డ్రమ్ము తేట, తొట్టి పసుపు. వాటి పక్కన వాటి పెసల పళ్ళేలు. ఆయన ముందు తేట సీసానే చేతిలోకి తీసుకున్నారు. తర్వాత పళ్ళేలు చూసి దాన్ని కింద పెట్టి, పసుపు సీసా తీసుకున్నారు. "చూడటానికి ఇదే ముతకగా ఉందే," అన్నారు. ఉంది. ఆ పసుపు చాలావరకు నాచు వదిలినది, దాంట్లో పెసలు మొలుస్తాయి.

తర్వాత ఆయన అసలు ప్రశ్నలకు వచ్చారు. చోటు ఎంత కావాలి? రోజుకు 10,000 లీటర్లు, ఎండ తొట్టిలో ఆరు రోజుల నిలువ అనుకుంటే 60 ఘనమీటర్లు. వెలుతురు అడుగుదాకా దిగాలంటే లోతు 30 సెంటీమీటర్లు మించకూడదు. అంటే 200 చదరపు మీటర్లు, ఐదు సెంట్లు. ముసురు కాలానికి ఇంకా ఎక్కువ. "నా యూనిట్టే మూడు సెంట్లమ్మా," అన్నారు. పక్క యూనిట్లతో కలిసి ఊరి బయట ఒక చెరువు వేసుకోవచ్చు కదా అంటే, పక్కవాళ్ళతో కలిసి గోడ కూడా కట్టలేదని జవాబు.

ఉప్పు సంగతి కూడా దాచలేదు. నాచూ బ్యాక్టీరియా ఎంత కష్టపడినా కరిగిన ఉప్పు అలాగే ఉంటుంది. టీడీఎస్ పరిమితి లీటరుకు 2,100 మిల్లీగ్రాములు, మా తొట్టి నీరు దానికి ఎన్నో రెట్లు. నొయ్యల్ నది విషయంలో మద్రాసు హైకోర్టు 2011లో తిరుప్పూరు అద్దకం యూనిట్లను మూయించినప్పుడు వచ్చిన పేచీలో రంగుతో పాటు ఉప్పూ ఉంది. అక్కడివాళ్ళు రివర్స్ ఆస్మాసిస్ (నీటిని సన్నని పొరల గుండా నెట్టి ఉప్పును వేరుచేయడం), ఆవిరిపట్టే యంత్రాల దాకా వెళ్ళాల్సి వచ్చింది. మా తొట్టి ఆ యంత్రాలకు బదులు కాలేదు. వాటి ముందు నిలబడి, పొరలను పాడుచేసే సేంద్రియ భారాన్ని తగ్గించగలదు. అద్దకంలో ఆఖరి జాలింపు నీళ్ళలో ఉప్పు తక్కువ. వాటిని వేరే కాలువకు మళ్ళిస్తే వాటి వరకు తొట్టి ఒక్కటే సరిపోవచ్చు.

ఈ మాట ఆయనకు నచ్చింది. అద్దకం తొట్టిలోని ఉప్పునీరు, జాలింపు నీరు ఇప్పుడు ఒకే గొట్టంలో కలుస్తున్నాయి. గొట్టం విడదీయడానికి మేస్త్రీతో మాట్లాడతానన్నారు. వచ్చే వారం నుంచి జాలింపు నీళ్ళు విడిగా వస్తాయి. గంజి నీళ్ళు కూడా ఒక డ్రమ్ము పంపమన్నాను, బెల్లం అయిపోవచ్చింది.